ఎడమ పక్క కవరు విప్పని సర్వీసు సర్వీసే కాదు

సంపాదకుల వారికి,

అయ్యా,

మన అనంతపురంలో స్కూటర్ సర్వీసంటే ఇంజనాయిలు మార్చడం, నీళ్లు కొట్టడం, బ్రేకులు బిగించడం. ఈ మూడూ అయ్యాక బండి చేతికిచ్చేస్తున్నారు. ఎడమ పక్కనున్న పొడుగాటి బెల్టు కవరు జోలికి ఎవరూ పోరు. గేర్లు లేని బండికి వచ్చే రోగాలు చాలా వరకు ఆ కవరు వెనకే పుడతాయి. పికప్ లేదు, మైలేజీ పడిపోయింది అని బండి తెస్తే ముందు కార్బొరేటర్ (పెట్రోలు, గాలి కలిపే భాగం) ట్యూనింగు పట్టడం, దానికీ లొంగకపోతే బోరు (పిస్టను ఆడే సిలిండరు) పోయిందని తేల్చేయడం అలవాటైపోయింది. వేలు ఖర్చయ్యాక కూడా బండి అట్లాగే ఈడుస్తుంది. మెకానిక్‌లుగా మా వృత్తిలోని ఈ లోపాన్ని దాచుకోవడం ఇష్టం లేక రాస్తున్నాం.

ఆ కవరు విప్పితే ముందు వైపు క్రాంకు (ఇంజను తిప్పే ఇరుసు) మీద వేరియేటరు అనే ముందు పుల్లీ, వెనక చక్రం దగ్గర వెనక పుల్లీ, క్లచ్చు, రెండు పుల్లీల నడుమ బెల్టు కనిపిస్తాయి. వేరియేటర్లో మామూలుగా ఆరు రోలర్లుంటాయి. ఇంజను వేగం పెరిగేకొద్దీ అవి అంచుకు జరిగి పుల్లీని లోపలికి నొక్కుతాయి, బెల్టు పైకెక్కుతుంది. గేర్లు లేని బండిలో గేరు మారడమంటే ఇదే. రోలరు ఒక పక్క అరిగి చదునైతే దారి మధ్యలోనే పట్టేస్తుంది. ఇంజను అరుస్తుంది, బండి మాత్రం వేగం అందుకోదు. బెల్టు పక్కలు అరిగి సన్నబడినా అంతే, పుల్లీ చివరి అంచుదాకా అది ఎక్కలేదు. క్లచ్ షూల (పట్టునిచ్చే ముక్కల) మీద గాజులాంటి నునుపు తేలితే ఆగిన చోటి నుంచి కదిలేటప్పుడు బండి వణుకుతుంది. ఈ మూడింటికీ కార్బొరేటరుతో ఏ సంబంధమూ లేదు. రోలర్ల సెట్టు కొన్ని వందల్లో వస్తుంది.

బెల్టు మామూలుగా 20 నుంచి 25 వేల కిలోమీటర్లు నడుస్తుంది. అయినా 8 వేలకోసారి విప్పి చూడాలి. పళ్ల మొదళ్లలో పగుళ్లున్నాయేమో బెల్టును వెనక్కి వంచి చూడాలి. వెడల్పును వెర్నియరు అనే కొలత పరికరంతో కొలవాలి. చాలా మోడళ్లలో కొత్త బెల్టుకీ పారేయాల్సిన బెల్టుకీ తేడా ఒక మిల్లీమీటరుకు అటూఇటూగానే ఉంటుంది, కంటి చూపుతో అది తేలదు. లోపల నల్లపొడి పేరుకుని ఉంటుంది. దాన్ని గాలి గన్నుతో ఊదితే నేరుగా ముక్కులోకే పోతుంది. తడిగుడ్డతో తుడవాలి, మాస్కు పెట్టుకోవాలి. పొడికి బదులు నూనె కనిపిస్తే నూనె కారకుండా ఆపే క్రాంకు సీలో, వెనక గేర్ల సీలో పోయిందన్నమాట. సీలు మార్చకుండా కొత్త బెల్టు వేస్తే అదీ జారుతుంది.

బెల్టు ఎక్కించడంలో జరిగే ఒక తప్పు గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఆ తప్పుకు క్రాంకే పోతుంది. మొదట, వెనక వైపు పుల్లీని రెండు చేతులతో విడదీసి, బెల్టును దాని లోతుకు దించాలి. అప్పుడు ముందు వైపు బెల్టు వదులుగా వేలాడుతుంది. ఆ వదులు ఉండగానే ముందు పుల్లీ బయటి మొహాన్ని (పళ్లెం లాంటి సగాన్ని) క్రాంకు పళ్లలో పూర్తిగా కూర్చోబెట్టి నట్టు బిగించాలి. తొందరలో ఇది చేయకపోతే బెల్టు రెండు మొహాల మధ్య ఇరుక్కుంటుంది. నట్టు బిగిసినట్టే చేతికి తెలుస్తుంది, కానీ బిగిసింది బెల్టు మీద. నాలుగు కిలోమీటర్లు తిరగగానే బెల్టు సర్దుకుని నట్టు వదులవుతుంది, పుల్లీ ఊగి క్రాంకు మీది పళ్లను తినేస్తుంది. బిగించేటప్పుడు పుల్లీ రెక్కల మధ్య స్క్రూడ్రైవరు దూర్చి ఆపడం ఇంకో తప్పు, రెక్క విరుగుతుంది. పట్టుకోవడానికి హోల్డరు, బిగించడానికి బిగుతు కొలిచే టార్కు రెంచి వాడాలి. పుల్లీ మొహాలకు గ్రీజు అంటకూడదు. బెల్టు మీద బాణం గుర్తుంటే అది తిరిగే వైపుకు ఉండాలి.

ఇక గాలి ఫిల్టరు. కంపెనీ పుస్తకంలోని కిలోమీటర్లు మంచి రోడ్డుకు రాసినవి. దుమ్ములో తిరిగే బండికి ముందే మార్చాలని అదే పుస్తకంలో చిన్న అక్షరాల్లో ఉంటుంది. కణేకల్లు, బొమ్మనహాళ్ వైపు హగరి నది ఇసుక, తాడిపత్రిలో బండల ఫ్యాక్టరీల పొడి, ఆషాఢం గాలులు. ఇవన్నీ పీల్చే బండికి ఆ లెక్కలో సగానికే ఫిల్టరు మార్చాలని మా అభిప్రాయం. ఇప్పటి స్కూటర్లలో చాలావాటికి నూనె పట్టించిన కాగితం ఫిల్టరు వస్తోంది, వేలితో తాకితే జిడ్డుగా ఉంటుంది. దాన్ని గాలి కొట్టి దులపకూడదు, కడగకూడదు, మార్చడమొక్కటే దారి. స్పాంజి ఫిల్టరైతే సబ్బు నీళ్లలో కడిగి, నీడలో ఆరబెట్టి, ఆయిలు పట్టించి, ఎక్కువైనదాన్ని పిండేసి తిరిగి పెట్టాలి. ఫిల్టరు డబ్బా నుంచి ఇంజనుకు పోయే రబ్బరు గొట్టానికి చీలిక ఉన్నా, క్లిప్పు వదులైనా ఎంత మంచి ఫిల్టరు వేసీ లాభం లేదు. దుమ్ము నేరుగా బోరులోకి పోయి గరుకు కాగితంలా రుద్దుతుంది. డబ్బా అడుగున మూత పెట్టిన చిన్న గొట్టముంటుంది. అందులో చేరిన నూనె, నీళ్లు వదిలేయాలి.

ఆ గొట్టంలో నూనె బాగా దిగిందంటే చాలాసార్లు కారణం ఆయిలు ఎక్కువ పోయడమే. 110 సీసీ స్కూటర్లు చాలావాటికి పట్టేది 700 నుంచి 800 మిల్లీలీటర్లు. ఆయిలు డబ్బా విప్పాం కదా అని లీటరూ పోసేస్తే మిగిలింది బ్రీదరు (ఇంజను లోపలి ఆవిరి బయటికి పోయే గొట్టం) గుండా ఫిల్టరు మీదికి చేరుతుంది. మోటారు సైకిలు ఆయిలు ఎంఏ రకం, అది ఆయిలులో మునిగే క్లచ్చు కోసం. స్కూటర్ క్లచ్చు పొడిది కాబట్టి ఎంబీ రకం సరిపోతుంది. వెనక చక్రం దగ్గరి గేర్లకు విడిగా ఆయిలుంటుందని తెలియనివాళ్లు ఎందరో. అది వంద మిల్లీలీటర్లకు కాస్త అటూఇటూ. బండిని సెంటర్ స్టాండు మీద నిలబెట్టి, నింపే రంధ్రం కింది అంచు దాకా వస్తే చాలు. గ్రేడు మోడల్‌ను బట్టి మారుతుంది. దిగే ఆయిలు పాలలా తెల్లగా ఉంటే లోపలికి నీళ్లు పోయాయి. మెరిసే రజను ఉంటే బేరింగో, పళ్లో అరుగుతున్నాయి.

చాలా స్కూటర్ల ఇంజన్లను చల్లబరిచేది ఎదురుగాలి కాదు, కుడి పక్క ఫ్యాను. దాని జాలీ, లోపలి రెక్కల సందులు మట్టితో, చెనక్కాయ పొట్టుతో పూడుకుపోతే మన ఎండలకు ఇంజను కాగిపోతుంది. ఏడాదికోసారి, ఎండాకాలానికి ముందే, ఇంజను మీది కౌలు (మూత) విప్పి శుభ్రం చేయాలి.

నీలి పొగ వస్తే వెంటనే బోరుకు ఒప్పుకోవద్దు. పొద్దున స్టార్టు చేసిన మొదటి నిమిషమే వచ్చి ఆగిపోతే వాల్వు సీళ్లు గట్టిపడి ఉంటాయి. యాక్సిలేటరు తిప్పినప్పుడల్లా వస్తే పిస్టను రింగుల మీద అనుమానం. తేల్చుకోవడానికి థ్రాటిల్ (యాక్సిలేటరు) పూర్తిగా తెరిచి కంప్రెషన్ (బోరులో గాలి ఒత్తిడి) కొలవాలి. తర్వాత ప్లగ్గు రంధ్రంలో చెంచాడు, అంటే 5 మిల్లీలీటర్ల ఇంజనాయిలు వేసి మళ్లీ కొలవాలి. బాగా పెరిగితే రింగులు, బోరు అరిగాయి. పెరగకపోతే వాల్వులు గాలి వదులుతున్నాయి, దానికి బోరు అక్కర్లేదు. పావుగంట పని ఇది.

2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్-6 (కొత్త కాలుష్య ప్రమాణం) బండ్లలో ఎక్కువ వాటికి పెట్రోలు పంపు ట్యాంకులోనే ఉంటుంది. దాన్ని చల్లబరిచేదీ ఆ పెట్రోలే కనుక రిజర్వులో రోజుల తరబడి తిప్పకూడదు. నెలల తరబడి కదలని పాత కార్బొరేటర్ బండికి కార్బొరేటరు గిన్నెలోని పెట్రోలు దించేసి పెట్టాలి. ఇథనాల్ కలిసిన పెట్రోలు తేమను లాగుతుంది, కార్బొరేటరులోని పైలట్ జెట్టు (పెట్రోలు పోయే సన్న రంధ్రం) మూసుకుపోతుంది.

మా కోరిక ఒక్కటే. షోరూమైనా చెట్టు కింది షెడ్డయినా బిల్లు మీద జనరల్ సర్వీసు అని రాసి ఊరుకోకూడదు. ఏ ఆయిలు ఎన్ని మిల్లీలీటర్లు పోశారు, బెల్టు వెడల్పు ఎంతుంది, ఫిల్టరు చూశారా మార్చారా, గేరాయిలు ఎప్పుడు మార్చారు, ఈ నాలుగూ రాసివ్వాలి. తీసేసిన బెల్టు, రోలర్లు, ప్లగ్గు బండి యజమాని చేతికే ఇవ్వాలి. వాడేసిన ఆయిలును కాలవలో పారబోయకుండా డబ్బాకు పట్టి ఉంచితే, దాన్ని మళ్లీ శుద్ధిచేసే అనుమతి ఉన్నవాళ్లకు చేర్చే ఏర్పాటు నగరపాలక సంస్థ చేయాలి.

ఇట్లు,
కొందరు టూవీలర్ మెకానిక్‌లు,
అనంతపురం