మందు పేరు కాదు, బాధ చెప్పు

నాన్నా చిన్నోడా,

దసరాకి వచ్చినప్పుడు నీ బ్యాగు ఉతుకుదామని తిరగేస్తే పక్క జిప్పులోంచి రెండు మాత్రల స్ట్రిప్పులు, సగం నొక్కేసిన ఒక ట్యూబు పడ్డాయి. అప్పుడే అడిగేదాన్ని. అక్కా బావా ఉన్నారు, ఇంటినిండా జనం, అందరిముందూ నిన్ను నిలబెట్టడం ఎందుకని ఊరుకున్నా. ఫోన్లో అడిగితే "ఏం లేదమ్మా, బానే ఉన్నా" అని పెట్టేస్తావు. అందుకే ఈ ఉత్తరం. మధ్యాహ్నం రెండు దాటితే మన కొట్లో బేరాలు తక్కువ, నీకు తెలుసుగా. మీ నాన్న లోపల కునుకు తీస్తున్నారు.

ముందే చెబుతున్నా, ఇది తిట్టడానికి కాదు. నువ్వు పుట్టకముందు నుంచీ ఈ కౌంటర్ వెనక నిలబడి మందులిస్తున్నాను. సాయంత్రం కోటప్పకొండ రోడ్డు కాలేజీల బస్సులు వచ్చాయంటే పిల్లలు వస్తారు. ఆడపిల్లలు ఇద్దరు ముగ్గురు కలిసి వచ్చి, కొట్లో మగవాళ్లు లేకుండా చూసుకుని, మెల్లగానైనా ఒంట్లో ఏమైందో చెబుతారు. మగపిల్లలు మెట్టు కూడా ఎక్కరు. "ఆంటీ, అజిత్రో ఫైవ్ హండ్రెడ్ ఒక షీటు" అంటారు. ఎవరికి నాయనా అంటే "ఫ్రెండుకి" అంటారు. ఆ ఫ్రెండు ఇంతవరకూ ఒక్కడూ నా కంటబడలేదు. ఏం జ్వరం, ఎన్నాళ్ల నుంచి, విరేచనాలున్నాయా అని అడిగితే నేనేదో పోలీసు విచారణ చేస్తున్నట్టు మొహం పెడతారు. రూమ్మేటు చెప్పాడనో, ఫోన్లో చూశాననో మందు పేరు మాత్రం తడుముకోకుండా చెబుతారు. నువ్వూ ఆ బాపతులో చేరావని బ్యాగు చూశాక అర్థమైంది.

మొదటి స్ట్రిప్పు ఆ అజిత్రోమైసినే. ఐదింట్లో రెండు మిగిలాయి. అంటే మూడు రోజులు వేసి, జ్వరం తగ్గగానే ఆపేశావు. మీ హాస్టల్లో సగంమందికి వైరల్ ఫీవర్లని అప్పట్లో అన్నావు, నీదీ అదే అయ్యుంటుంది. ఈ మందు బ్యాక్టీరియాకి, వైరస్‌ని ఏమీ చెయ్యలేదు. మూడో రోజుకి తగ్గాల్సిన జ్వరం మూడో రోజుకి తగ్గింది, పేరు మాత్రకొచ్చింది. ఇలా అక్కర్లేకుండా వాడితే బ్యాక్టీరియా ఆ మందుకి లొంగడం మానేస్తుంది, రేపు నిజంగా అది పట్టుకున్న రోజున ఇదే మందు పనిచెయ్యకపోతే ఇంకా పెద్ద మందులకి పోవాల్సి వస్తుంది. స్ట్రిప్పు వెనక నిలువుగా ఎర్ర గీత ఉంటుంది చూడు. డాక్టరు చీటీ లేనిదే అది కొనొద్దని 2016లో కేంద్రం ప్రచారం కూడా చేసింది. కొన్ని యాంటీబయాటిక్‌లకీ, నిద్రమాత్రలకీ, ట్రమడాల్ లాంటి నొప్పి మందులకీ ఇంకా కట్టుదిట్టం. 2014 మార్చి నుంచి వాటిని షెడ్యూల్ హెచ్ 1 అనే జాబితా కింద పెట్టారు. డాక్టరెవరు, పేషెంటెవరు, ఎన్నిచ్చామన్నది వేరే రిజిస్టరులో రాసి మూడేళ్లు దాచాలి. చిన్నప్పుడు బొమ్మలు గీసి నా చేతిలో తన్నులు తిన్నావే, ఆ పొడుగు పుస్తకం అదే. అన్ని కొట్లలోనూ ఇలాగే చేస్తున్నారా అంటే లేదు. అది వేరే గొడవ.

రెండో స్ట్రిప్పు చూశాకే నాకు గుండె ఝల్లుమంది. కత్తిరించి ఇచ్చిన ముక్క. బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ తేదీ ఉన్న భాగం ఆ షాపులోనే ఉండిపోయింది. వెనక రేకు మీద సగం పేరున్నా గుర్తుపట్టాను, డైక్లోఫెనాక్, పారాసెటమాల్ కలిపిన మాత్ర. అది ఏ జ్వరమో తేలకుండా, అదీ వానాకాలంలో, ఒళ్లునొప్పులని ఇలాంటివి మింగకూడదురా. డెంగీ అయితే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, యాస్పిరిన్ రక్తస్రావం ముప్పు పెంచుతాయి. జ్వరానికి ఉత్త పారాసెటమాల్ చాలు. 650 మాత్ర ఆరు గంటలకొకటి, రోజుకి నాలుగు దాటొద్దు. జలుబు మాత్రల్లో చాలావాటిలో అదే పారాసెటమాల్ ఉంటుంది, అదీ ఇదీ కలిపి వేస్తే లివర్ మీద పడుతుంది. కొనేముందు అట్ట తిప్పి చదువు.

డెంగీ మోసం చేసేది జ్వరం దిగినప్పుడు. మూడో రోజుకీ ఏడో రోజుకీ మధ్య వేడి తగ్గుతుంది, హమ్మయ్య అనుకుని క్లాసుకి కూడా వెళ్లిపోతారు. ఆ తర్వాతి ఒకటి రెండు రోజులే గండం. కడుపులో గట్టిగా నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్లలోంచో ముక్కులోంచో రక్తం, మగత, చేతులూ కాళ్లూ చల్లబడడం. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా వార్డెన్‌ని లేపు, ఆసుపత్రికి బయల్దేరు, దారిలో నాకు ఫోన్ చెయ్యి. వరస అదే. ముందు నాకు చేసి, నేనెత్తేదాకా కూర్చోకు. మొదటి ఐదు రోజుల్లో అయితే ఎన్‌ఎస్‌1 అనే రక్త పరీక్షలో బయటపడుతుంది. ప్లేట్‌లెట్లు ఎన్ని అని అందరూ అడుగుతారు గానీ ఒంటేలుకి ఎన్నిసార్లు వెళ్లావని ఎవరూ అడగరు. ఒంట్లో నీరు చాలుతోందో లేదో దాంతోనే తెలుస్తుంది. బొప్పాయాకు రసం తెచ్చిచ్చే ఫ్రెండుకి దండం పెట్టి, నీళ్లు, మజ్జిగ, ఓఆర్‌ఎస్ తాగు. ఓఆర్‌ఎస్ అంటే లీటరు నీళ్లలో కలుపుకునే పొడి ప్యాకెట్టు. లీటరుకి 13.5 గ్రాముల గ్లూకోజు, 2.6 గ్రాముల ఉప్పు, ఇంకో రెండు లవణాలు. కొలత తప్పితే అది ఓఆర్‌ఎస్ కాదు. ఆ పేరు పెట్టుకుని తియ్యటి పానీయాలు డబ్బాల్లో అమ్ముతుంటే హైదరాబాద్‌లో పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో గానీ ఆ మాట వాడొద్దని ఆహార నియంత్రణ సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ తేల్చి చెప్పలేదు.

ఇక ఆ ట్యూబు. నీకు సిగ్గేస్తుందని తెలుసు. సిగ్గుపడుతూనే చదువు.

అందులో ఉన్నది క్లోబెటసాల్, ఒక యాంటీబయాటిక్, ఒక ఫంగస్ మందు. మూడూ కలిపి కొట్టిన క్రీము. అంటే గజ్జల్లో తామర వచ్చింది. వస్తే ఏమైంది? బిగుతు జీన్సు, తడారని డ్రాయరు, ఒకడి టవలు ఇంకొకడు తుడుచుకోవడం, నలుగురి బట్టలూ ఒకే బకెట్లో నానబెట్టడం, హాస్టల్లో రాకపోతేనే విడ్డూరం. వచ్చిందని నాకు బాధ లేదు. నువ్వు పూసినదాని గురించే నా బాధ. క్లోబెటసాల్ బాగా బలమైన స్టెరాయిడ్. పూసిన రెండో రోజుకే దురద మాయమైపోతుంది, అందుకే గది గదికీ దాని పేరు పాకింది. దురదా ఎరుపూ అంటే మన ఒళ్లు ఆ ఫంగస్‌తో తగువు పడుతోందని. కాపలా కుక్క నోరు కట్టేసి దొంగ వెళ్లిపోయాడనుకున్నట్టుంటుంది ఈ క్రీము వైద్యం. ఫంగస్ నిశ్చింతగా పక్కకి పాకుతుంది. పూత ఆపగానే ముందుకంటే ఎక్కువై తిరగబెడుతుంది, మళ్లీ పూస్తారు. అలా నెలలు గడిస్తే చర్మం పల్చబడి తొడల మీద చారలు పడతాయి. తామర తగ్గినా ఆ చారలు పోవు.

పోయిన వేసవిలో ఒకబ్బాయి ఇదే క్రీము అడిగాడు. ఇవ్వనన్నాను. ఎక్కడుందో చెప్పడు, ఎన్నాళ్లనుంచో చెప్పడు. చివరికి తలొంచుకుని ఫోన్లో ఫొటో చూపించాడు. నడుం చుట్టూ బెల్టు పెట్టుకునే మేరంతా ఎర్ర వలయాలు, ఒకదాంట్లోకి ఒకటి కలిసిపోయి. ఏడాదికి పైగా పూస్తున్నాడట. రాత్రిళ్లు గోకి గోకి నిద్రుండదట. తల్లికి తెలుసా అంటే "ఛీ, అమ్మకెలా చెప్తానాంటీ" అన్నాడు. వాడి తల్లి ఎవరో గానీ ఆవిడ తరఫున నాకు కోపమొచ్చింది. చర్మ డాక్టరు దగ్గరికి పంపాను, నెలలు పట్టింది. ఇలాంటి పైపూతలకి ఒకప్పుడు చీటీ అక్కర్లేదన్న మినహాయింపు ఉండేది. స్టెరాయిడ్ క్రీములకి 2018లో దాన్ని తీసేశారు. అయినా పేరు చెబితే చేతిలో పెట్టే కొట్లున్నాయి, నీకు దొరికింది అలాగే కదా.

నువ్వు చర్మ డాక్టరుకి చూపించుకో, ఏం పూశావో ఎన్నాళ్లు పూశావో దాచకుండా చెప్పు. ఆయన పూతమందుతో పాటు మాత్రలు కూడా రాయచ్చు, రాసినన్నాళ్లూ వాడు. మచ్చ పోయిందని ఆపకు, మామూలుగా ఇంకో రెండు వారాలు పూయమంటారు. పూసేటప్పుడు అంచు దాటి రెండు వేళ్ల మేర పూయాలి. నీ టవలు ఎవరికీ ఇవ్వకు. లోపలి బట్టలు ఎండలో ఆరెయ్యి. మీ హాస్టల్ వరండాలో ఎండ పడదన్నావు, అయితే బాగా ఆరాక నడుంపట్టీ దగ్గర ఇస్త్రీ పెట్టె గట్టిగా లాగు. రూమ్మేటుకి కూడా ఉంటే ఇద్దరూ ఒకేసారి వెళ్లండి, లేకపోతే వాడు నీకూ నువ్వు వాడికీ పంచుకుంటూనే ఉంటారు.

ఎలాగూ మొదలుపెట్టాను గనక ఇంకొకటి చెప్పేస్తా. వృషణంలో ఉన్నట్టుండి భరించలేని నొప్పి వస్తే, దాంతోపాటు కడుపులో తిప్పి వాంతయితే, నొప్పి మాత్ర వేసుకుని పడుకోకూడదు. లోపల మెలిపడి రక్తం అందడం ఆగిపోయి ఉండచ్చు. ఆరు గంటల్లోపు ఆపరేషను చేస్తే చాలావరకు దాన్ని కాపాడచ్చు. సిగ్గుతో తెల్లారేదాకా ఓర్చుకుంటే తీసెయ్యాల్సి రావచ్చు. పన్నెండేళ్ల పిల్లల దగ్గర్నుంచి నీ వయసు వాళ్లదాకా ఎక్కువగా వచ్చేదే ఇది. నొప్పి లేకుండా గడ్డలా తగిలినా ఊరుకోకుండా డాక్టరుకి చూపించాలి. నిజానికి ఇది మీ నాన్న చెప్పాల్సిన సంగతి. చెప్పండంటే "నువ్వే రాయి" అని పేపరు అడ్డం పెట్టుకున్నారు.

ఎనర్జీ డ్రింకుల గురించి ఎక్కువ రాయను. వాటిలో కెఫీన్ ఒంట్లోంచి సగం పోవడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది. రాత్రి పదకొండింటికి తాగితే తెల్లవారి నాలుగింటికి కూడా సగం అక్కడే ఉంటుంది. పరీక్ష హాల్లో తూలేది నువ్వే. జిమ్ము వాడు అంటగట్టే ప్రొటీను పొడి డబ్బాకి లేబుల్ లేకపోతే ముట్టుకోకు. గుడ్డులో ఆరు గ్రాముల ప్రొటీను ఉంటుంది. మెస్సులో గుడ్డు పెట్టిన రోజు తినని వాడెవడైనా ఉంటే వాడిదీ తిను.

నిద్రమాత్ర కావాలని వచ్చే పిల్లలు ఈమధ్య ఎక్కువయ్యారు. పరీక్షలకి ముందు కంటే రిజల్ట్సు వచ్చాక. చీటీ లేకుండా ఇవ్వను, అలాగని ఉత్తినే పంపను కూడా. లోపలికి పిలిచి స్టూలేసి కూర్చోబెడతాను. పది నిమిషాలు కూర్చుంటే నిద్ర సంగతి పక్కకి పోయి సప్లీలో, ఇంటి అప్పో, ఎవరో అమ్మాయి మాట్లాడకపోవడమో బయటికొస్తుంది. అప్పుడు 14416 నంబరు రాసిస్తాను. మనసు బాగోలేనప్పుడు మాట్లాడే హెల్ప్‌లైన్, టెలీ మానస్ అని 2022 అక్టోబరులో కేంద్రం పెట్టింది, డబ్బు కట్టక్కర్లేదు, రాత్రీ పగలూ ఎత్తుతారు, తెలుగులోనే మాట్లాడచ్చు. నీ ఫోన్లో కూడా వేసుకో.

ఇంకో మాట. విశాఖలో నీట్ కోచింగ్ చదువుతూ 2023లో ఒక పదిహేడేళ్ల అమ్మాయి చనిపోయింది. తండ్రి కోర్టుకెక్కారు. ఆ కేసులోనే 2025 జులై 25న సుప్రీంకోర్టు, 100 మంది గానీ అంతకుమించి గానీ విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలోనూ అర్హత ఉన్న కౌన్సెలరో సైకాలజిస్టో సోషల్ వర్కరో కనీసం ఒకరుండాలని చెప్పింది. మీ కాలేజీలో వేలమంది ఉన్నారు. ఆ మనిషెవరు, ఏ బ్లాకులో కూర్చుంటారు, కనుక్కుని నాకు చెప్పు. నీకే అవసరం పడాలని లేదు, నీ గదిలో ముగ్గురున్నారు.

మ్యాథ్స్ పోయిందని అక్కకి చెప్పి నాకు చెప్పలేదు. తెలిసింది. నాన్నకి నేను చెప్పాను, ఆయన "సప్లీ ఫీజు ఎంతట?" అని మాత్రం అడిగారు. అంతకుమించి ఇంట్లో ఏ రాద్ధాంతమూ జరగలేదు. కాబట్టి అది మనసులో పెట్టుకుని తిరక్కు.

శనివారం డాక్టరు దగ్గరికి వెళ్లు, చీటీ ఫొటో వాట్సాప్‌లో పెట్టు, ఏది ఎప్పుడు వెయ్యాలో రాసి పంపుతాను. ఫీజుకీ మందులకీ రెండు వేలు ఫోన్‌పేలో వేస్తున్నా, బిరియానీకి కాదు. కొన్నచోట బిల్లడుగు. సంక్రాంతికి బస్సు టికెట్టు ఇప్పుడే చేయించుకో, డిసెంబరు దాటితే రేట్లు రెండింతలు చేస్తారు.

అమ్మ