రాసుకునేవారికి గ్రంథాలయాల్లో ఒక సాయంత్రం ఇవ్వాలి

సంపాదకుల వారికి నమస్కారాలు.

పుస్తకావిష్కరణలు, సన్మాన సభల వార్తలు మీ జిల్లా పేజీలో తరచుగా చూస్తుంటాం. అవి జరగవలసినవే. అయితే ఇంకా పుస్తకం వేయనివారు, వేస్తామో లేదో కూడా తెలియనివారు, పగలంతా వేరే పని చేసుకుని రాత్రిపూట నోటుపుస్తకంలో కథో కవితో రాసుకునేవారు మన పట్టణాల్లోనూ పల్లెల్లోనూ ఎందరో ఉన్నారు. అలాంటివారు ఒకరికొకరు పరిచయమయ్యే చోటు ఒకటి కావాలని కోరుతూ ఈ ఉత్తరం రాస్తున్నాను.

రాసినది ఇంట్లోవాళ్ళకు చూపిస్తే, ప్రేమ ఉన్నవారు చదవకుండానే బాగుందంటారు, తీరిక లేనివారు తర్వాత చూస్తామంటారు. వారిని తప్పుపట్టలేం. మన గురించి ఏమీ తెలియని మనిషి, తనకూ రాయడమంటే ఇష్టమున్న మనిషి వింటే మాత్రం, అతని దృష్టి మన మీద కాక మనం రాసిన వాక్యం మీద ఉంటుంది. ఆ వినికిడి కోసమే రాసేవారు అంతగా తపిస్తారని నా అనుభవం.

మా పక్క మండల కేంద్రంలోని శాఖా గ్రంథాలయం వరండాలో కొంతమందిమి నెలకోసారి కూర్చుని రాసినవి చదువుకుంటాం. ఒక నెల, ఇంట్లో కుట్టుమిషను పెట్టుకుని బట్టలు కుట్టే ఒకావిడ తన కథ వినిపించారు. అత్తవారింట్లో ఇక ఉండలేననుకున్న అమ్మాయి, రాత్రి ఎనిమిదిన్నరకు ఊళ్ళోకి వచ్చిన ఆఖరి బస్సు తిరిగి వెళ్ళేటప్పుడు ఎక్కి పుట్టింటికి పోతుంది. అందరమూ బాగుందన్నాం. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయిన ఒక పెద్దాయన ఆ రోజే మొదటిసారి వచ్చారు. ఆయన కొంత తటపటాయించి, “అమ్మా, అది నైట్ హాల్ట్ బస్సు. రాత్రి తిరిగి పోదు. డ్రైవరూ నేనూ ఊళ్ళోనే పడుకుని తెల్లవారి అయిదింటికి తీసేవాళ్ళం” అన్నారు. ఆవిడ కాసేపు కాగితాల వంక చూసి, “అయితే సార్, ఆ పిల్ల రాత్రంతా ఎక్కడుంటుంది?” అని అడిగారు. చలికాలంలో అద్దాలు మూసుకుని బస్సులోనే పడుకునేవాళ్ళమనీ, పొద్దున్నే ఆసుపత్రికి పోవలసినవాళ్ళు నడిరాత్రే వచ్చి తలుపు కొడితే లేచి కూర్చోబెట్టేవాళ్ళమనీ ఆయన చెప్పారు.

మరుసటి నెల ఆవిడ తిరగరాసి తెచ్చిన కథలో ఆ రాత్రి మొత్తం ఉంది. అమ్మాయి ఆగివున్న బస్సులో కూర్చుని ఉంటుంది. వెతుక్కుంటూ రాదగిన మనుషులు నాలుగు వీధుల అవతలే ఉంటారు. తెల్లవారడానికి ఇంకా చాలా సమయం ఉంటుంది. మొదటి కథలో లేని భయమూ, నిర్ణయమూ ఇందులోకి వచ్చాయి. ఆ పెద్దాయన కూడా తన డ్యూటీ రోజుల సంగతులను పాత డైరీల్లో రాసుకున్నారనీ, అంతవరకు ఎవరికీ చూపలేదనీ అప్పుడే తెలిసింది. ఇప్పుడు ఆయన రాసే ప్రతి పేజీకీ మొదటి పాఠకురాలు ఆవిడే. వేరే ఏ పని మీదా ఈ ఇద్దరూ ఒకచోట కూర్చుని మాట్లాడుకునే అవకాశం లేదు.

ఎక్కడెక్కడో రాసుకునేవారిని కలపడం మన దగ్గర కొత్తగా వచ్చిన ఆలోచన కాదు. నిజాం రాజ్యంలో తెలుగు కవులు లేరన్న మాటకు సమాధానంగా సురవరం ప్రతాపరెడ్డి 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ వెలువరించినప్పుడు అందులో 354 మంది కవులు కనిపించారు. ఆ సంఖ్యను మనం గర్వంగా చెప్పుకుంటాం. ఆ కవుల్లో ఎందరు అంతకుముందు ఒకరి పద్యం ఒకరు విని ఉంటారని ఆలోచిస్తే, ఆ సంచిక చేసిన మేలు నాకు ఇంకా పెద్దదిగా కనిపిస్తుంది. ఆయన సంపాదకత్వంలో 1926 నుంచి నడిచిన గోలకొండ పత్రికే లేకపోతే అంతమందిని చేర్చడం ఎంత కష్టమయ్యేదో పత్రిక నడిపే మీకు వేరుగా చెప్పనక్కరలేదు. అటు శ్రీకాకుళంలో, తెలుగు కథలన్నీ ఒకచోట దొరకాలని కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో ప్రారంభించిన కథానిలయం కూడా, కథ మీద ప్రేమ ఉన్న ఎందరో పాఠకుల, రచయితల చేయూతతో పెరిగినదే.

మా ఇబ్బంది చిన్నది. సాయంత్రం గ్రంథాలయం మూసే వేళకు వరండా దీపం కూడా ఆర్పుతారు, చదువుతున్న కథ సగంలో ఆగిపోతుంది. అందుకు అక్కడి సిబ్బందిని అనడం న్యాయం కాదు, వారి పనివేళలు వారివి. పఠన మందిరంలో కూర్చుందామంటే, అక్కడ పోటీ పరీక్షలకు చదువుకునే పిల్లలకే కుర్చీ దొరకడం గగనంగా ఉంటుంది. వారి చదువుకు మా గొంతులు అడ్డం కాకూడదు. అందువల్ల, శుక్రవారం సెలవు పాటించే శాఖా గ్రంథాలయాల్లో నెలకు ఒక శుక్రవారం సాయంత్రం రెండు గంటలపాటు హాలును రాసుకునేవారికి ఇవ్వాలనీ, తాళం తీసి వేసేవారికి ఆ మేరకు భత్యమో ప్రత్యామ్నాయ సెలవో కల్పించాలనీ జిల్లా గ్రంథాలయ సంస్థలను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. ఆస్తిపన్నుతోపాటు గ్రంథాలయ సెస్సు కడుతున్న పౌరులుగా ఇది అడగదగిన కోరికే. ఏటా నవంబరు 14 నుంచి 20 వరకు జరిగే గ్రంథాలయ వారోత్సవాల్లో విద్యార్థులకు వ్యాసరచన పోటీలు పెడుతున్నారు, సంతోషం. అందులో ఒక పూట, బహుమతులూ వేదికా లేకుండా, ఊళ్ళో రాసేవారు చుట్టూ కూర్చుని చదువుకోవడానికి కేటాయిస్తే ఈ పని అక్కడే మొదలుపెట్టవచ్చు.

మీకూ ఒక విన్నపం. ఇలాంటి కూడికలు ఏ ఊళ్ళో, ఏ రోజు, ఎన్ని గంటలకు జరుగుతాయో జిల్లా పేజీలో రెండు మూడు పంక్తుల్లో ఉచితంగా వేయండి. మా దగ్గరికి వచ్చిన ఆ కండక్టరు గారికి సంగతి తెలిసింది గ్రంథాలయం గోడకు అంటించిన చేతిరాత కాగితం చూసే. ఆ గోడ ముందుకు రాని ఊళ్ళవాళ్ళు కూడా మీ పత్రిక చదువుతారు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
మహబూబ్‌నగర్ జిల్లా