ఐదో అర్జీ కూడా తాబేలు గురించే: మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రిగారికి,

నమస్కారాలు. నా పేరు మీకు తెలిసే అవకాశం లేదు. నా అర్జీల ఇన్‌వార్డు నంబర్లు మాత్రం ఈపాటికి ఒక ఆఫీసులో అందరికీ నోటికి వచ్చి ఉండాలి. ఆ ఆఫీసు పేరు రాయను. హైదరాబాద్ జూలో జంతువుల చరిత్ర చెప్పే బోర్డులు పెట్టించమని నేను అడుగుతున్న విషయం మీకు తెలిసిందే కాబట్టి మళ్ళీ మొదటి నుంచి చెప్పి విసిగించను.

మొదటి అర్జీ 2024 మార్చిలో ఇచ్చాను, ఆ జూలో, అంటే నెహ్రూ జూ పార్కులో, గాలాపగోస్ జాతి పెద్ద తాబేలు చనిపోయిన వారానికి. జవాబు రాలేదు. రెండోదానికి వచ్చింది. కవరు చింపేటప్పుడు నా చేతులు వణికాయంటే నమ్మండి. అందులో ఏముందంటే: "మీ వీధిలో కుక్కల బెడద గురించి మీరిచ్చిన ఫిర్యాదును సంబంధిత విభాగానికి పంపడమైనది." అయ్యా, మా వీధి కుక్కలతో నాకు ఏ పేచీ లేదు. నేను రాసింది తాబేలు గురించి. మూడోసారి స్వయంగా వెళ్ళాను. రెండు గంటలు బెంచీ మీద కూర్చోబెట్టాక ఒక అధికారి మర్యాదగానే మాట్లాడారు. "అక్టోబరు 6 జూ పుట్టినరోజు కదా మాస్టారూ, ఆ రోజుకల్లా బోర్డులు పెట్టించేద్దాం" అన్నారు. ఏ సంవత్సరం అక్టోబరో అడగకపోవడం నా పొరపాటు. నాలుగో అర్జీకి రసీదు మాత్రం వచ్చింది. దాని మీద కొట్టిన ముద్రలో తేదీ అలుక్కుపోయింది. భూతద్దం పెట్టి చూశాను, సున్నాయో ఎనిమిదో తేలలేదు.

ఇందులో జూ సిబ్బంది తప్పేమీ లేదు. వాళ్ళు పొద్దున్నే వచ్చి, మేత వేసి, బోన్లు కడిగి, ఏ జంతువు అన్నం ముట్టలేదో దాని ముఖం చూసి చెప్పగలిగే మనుషులు. నా గోడు ఫైలుతోనే.

ఆ తాబేలును నేను చాలా ఏళ్ళు చూశాను. సోషల్ టీచర్‌ని. ఏటా ఏడో తరగతి పిల్లల్ని బస్సెక్కించి బహదూర్‌పురాలోని జూకి తీసుకెళ్ళేవాణ్ణి. వాళ్ళు పులి దగ్గరికో, టాయ్ ట్రైన్ దగ్గరికో పరిగెత్తేవాళ్ళు. నేను తాబేలు దగ్గర ఆగిపోయేవాణ్ణి. డిప్ప మీది గీతలు అరిగిపోయి పాత సానరాయిలా ఉండేది. ఆకులు ముందు పెడితే మెడ చాచి, కాసేపు చూసి, ఆలోచించుకుని, అప్పుడు నోరు తెరిచేది. (ఫైళ్ళు కూడా ఇదే నడక నడుస్తాయని అప్పట్లో నాకు తెలియదు. తాబేలు చివరికి తినేది, అదొక్కటే తేడా.)

చనిపోయినప్పుడు దాని వయసు 125 ఏళ్ళని అంచనా వేశారు. ఆ లెక్కన 1908లో మూసీ వరద వచ్చి ఊరు కొట్టుకుపోయిన నాటికి దానికి తొమ్మిదేళ్ళు. అప్పుడు గద్దె మీద ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా ఉన్నాడు. 1948లో పోలీసు చర్య నాటికి దానికి నలభై తొమ్మిది. 1963లో నాంపల్లి బాగే ఆమ్ నుంచి, అంటే ఇప్పటి పబ్లిక్ గార్డెన్స్ నుంచి, కొత్త జూకి మకాం మార్చింది. రాణి ఏనుగూ అక్కడి నుంచి వచ్చిందే. మొహర్రం ఊరేగింపులోనూ బోనాల్లోనూ నడిచిన ఆ ఏనుగు 83 ఏళ్ళు బతికి 2021 జూన్‌లో పోయింది. ఈ ఊరి చరిత్రకు ఇంతకన్నా పెద్ద సాక్షులు ఎవరున్నారు? రాజులకు విగ్రహాలున్నాయి, మంత్రులకు శిలాఫలకాలున్నాయి. ఈ రెండు ప్రాణుల కథకు ఒక రేకు బోర్డు అడిగాను, అంతే.

ఒకసారి ఒక పిల్ల అడిగింది, "సార్, ఇది మన తాతల కంటే పెద్దదా?" అని. "మీ తాత వాళ్ళ నాన్నను కూడా చూసి ఉంటుంది" అన్నాను. ఆ పిల్ల వెంటనే చేతులు జోడించి దణ్ణం పెట్టింది. ఇప్పుడు నేను రిటైరయ్యాను. ఆ మాట చెప్పడానికి ఎవరున్నారు సార్?

చెప్పాల్సింది తాబేలు గురించే కాదు. మీర్ ఆలం చెరువు ఒడ్డున 380 ఎకరాల్లో, ఊచలకు బదులు కందకాలు తవ్వి జంతువుల్ని ఆరుబయట తిరగనిచ్చిన జూ ఇది. పగలు చీకటి చేసి, రాత్రి దీపాలు వెలిగించి నిశాచర జీవుల్ని చూపిస్తారు. 2020 అక్టోబరులో ఆ చెరువే పొంగి సఫారీలోకి నీళ్ళొచ్చాయి. మరుసటి ఏడాది మేలో ఎనిమిది సింహాలకు కరోనా సోకి దేశమంతా టెన్షన్ పడింది, అవి కోలుకున్నాయి. మంచి కథలే కాదు, 2000లో సఖి అనే ఆడపులిని బోనులోనే చంపి చర్మం ఒలుచుకుపోయిన రాత్రి కథ కూడా రాయాలి. సిగ్గుపడాల్సింది దాచేస్తే పిల్లలకు జూ అంటే ఐస్‌క్రీం బండి తప్ప ఏం గుర్తుంటుంది?

కాబట్టి మళ్ళీ అడుగుతున్నాను. తెలుగులో, ఉర్దూలో బోర్డులు పెట్టించండి. పాత రిజిస్టర్లు చెదలు పట్టకముందే బయటికి తీయించండి. రిటైరైన కీపర్లు ఇంకా ఉండగానే వాళ్ళను కూర్చోబెట్టి, వాళ్ళ నోటితో చెప్పించి రాయించండి. వాళ్ళ వయసూ తాబేలు వయసు కాదు. డబ్బు లేదంటే చెప్పండి, ఒక బోర్డు ఖర్చు నా పెన్షన్‌లోంచి ఇస్తాను. ఇది ఎత్తిపొడుపు మాట కాదు, నిజంగానే ఇస్తాను. బోర్డులు పెట్టించండి సార్.

ఐదో అర్జీ ఈ లేఖతో జతచేశాను. విషయం అని రాసిన చోట "తాబేలు" అన్న మాట కింద ఎర్ర ఇంకుతో రెండు గీతలు గీశాను. దయచేసి ఈసారి కుక్కల విభాగానికి పంపకండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ సోషల్ టీచర్,
హైదరాబాద్ పాతబస్తీ