అసలు మాట తొమ్మిదో పేజీలో

సంపాదకులకు నమస్కారం.

నల్లగొండలో డిగ్రీ పిల్లలకు పాఠాలు చెబుతాను. ఫ్లోరైడ్ నీళ్ల మీద ఒక అమ్మాయి రాసిన ప్రాజెక్టు రిపోర్టు ఈ మధ్య దిద్దాను. ‘నీరే ప్రాణాధారం’ అని మొదలుపెట్టి రెండు పేజీలు అదే సాగదీసింది. తొమ్మిదో పేజీలో ఒక్క వాక్యం: ‘ఫిల్టర్ పెట్టాక కూడా మా నాయనమ్మ బోరు నీళ్లే ఎందుకు తాగుతోంది?’ అసలు విషయం అదే! దాన్ని ముందుకు తేవాలని ఆ పిల్లకు మేమెవరం చెప్పలేదు. నాకు చాలా బాధేసింది.

పరిశోధన వ్యాసం ఎలా మొదలవుతుందో భాషావేత్త జాన్ స్వేల్స్ 1990లో వివరంగా చూపారు. విషయం ఎందుకు ముఖ్యమో, ఇంతవరకు ఏం జరిగిందో ముందు చెబుతారు. తేలకుండా మిగిలిందేమిటో చూపిస్తారు. ఆ ఖాళీలో తమ పనిని నిలబెడతారు. ఉదాహరణకు, పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తగ్గించే ‘నల్లగొండ టెక్నిక్’ను నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) రూపొందించిందనడం మొదటి మెట్టు. అడుగున మిగిలే బురదను ఊళ్లో ఎక్కడ పారబోయాలన్నది రెండోది. మన పిల్లలు ఈ రెండో మెట్టు దగ్గరే ఆగిపోతున్నారు.

మండలాఫీసుకు రాసే అర్జీ వరుస వేరు. అక్కడ ఏం కావాలో మొదట్లోనే అడగాలి.

ప్రాజెక్టు ఇచ్చే ముందు, ఈ వరుసలను పాత రిపోర్టులు ముందు పెట్టుకుని తెలుగులోనే రెండు క్లాసులు చెప్పించాలని కాలేజీలను కోరుతున్నాను.

– ఒక అధ్యాపకుడు, నల్లగొండ