తెరిచి ఉంటే మా తప్పు, మూసేస్తే దేవుడి తప్పు

సంపాదకులకు,

గత ఆదివారం కాదు, అంతకు ముందు ఆదివారం మీ పత్రికలో విహారయాత్ర రద్దు చేసుకుంటే డబ్బు పోకుండా ఏం చేయాలో రాశారు. షరతులు ముందే చదువుకోవాలట. ఆ రోజే రాయబోతే, కోపం తగ్గాక రాయమని మా ఆవిడ ఆపింది. పది రోజులైంది, తగ్గలేదు.

షరతులు చదివానండీ, ఆలస్యంగానైనా. ట్రావెల్స్ వాళ్లిచ్చిన రసీదు వెనక, లేత బూడిదరంగులో, ఇంగ్లీషులో, చీమ తలకాయంత అక్షరాలు. మనవడు ఫోన్లో ఫొటో తీసి పెద్దది చేస్తే కనబడ్డాయి. మొత్తం 23. ఒకటి తప్ప అన్నీ మమ్మల్ని కట్టేసేవే. ఆ ఒక్కటీ, కార్యక్రమాన్ని ఎప్పుడైనా మార్చే హక్కు వాళ్లకుందని.

2025 మే నెలకు నలుగురం కశ్మీర్ ప్యాకేజీ కట్టాం. తలకు 42 వేలు, మొత్తం లక్షా 68 వేలు. ఏప్రిల్ 22న పహల్గాంలో పర్యాటకుల మీద జరిగిన ఉగ్రదాడి గురించి చెప్పనక్కర్లేదు. మూడో రోజే వెళ్లి రద్దు చేయమన్నాం. "ప్రభుత్వం వెళ్లొద్దనలేదు కదా సార్, భయపడి మానుకుంటే మీ ఇష్టం, రీఫండ్ రాదు" అన్నాడు కౌంటర్లో కుర్రాడు. 29న కశ్మీర్‌లోని 87 పర్యాటక స్థలాల్లో 48 మూసేశారు. "ఇంకా 39 ఉన్నాయి సార్" అన్నాడు. లెక్కల్లో గట్టివాడే. మే 7న శ్రీనగర్ విమానాశ్రయమే మూతపడింది. మా విమానం 11న. ఇప్పుడేమంటావు బాబూ అని వెళ్తే, "ఇది మా చేతుల్లో లేనిది సార్, ఇలాంటి పరిస్థితుల్లో రీఫండ్ ఉండదు, 14వ షరతు" అని రసీదు తిరగేసి చూపించాడు. చివరికి 22 వేలు చేతిలో పెట్టి, మరో 60 వేలకు కూపన్ ఇచ్చారు. అదీ మార్చి 31 లోపు వాళ్ల దగ్గరే వాడాలన్నారు. మిగతా 86 వేలు ఏమయ్యాయంటే జవాబు లేదు.

విమానం ఎగరనే లేదు కదా, ఆ డబ్బు మీకు వెనక్కి వచ్చుంటుంది కదా అని అడిగాను. "ప్యాకేజీలో విడివిడిగా చెప్పలేం సార్" అన్నారు. కిటుకంతా ఇక్కడే ఉంది. ప్రయాణికుడే మానుకున్నా, అది నాన్ రీఫండబుల్ టికెట్టే అయినా, అందులోని పన్నులు, విమానాశ్రయ రుసుములు తిరిగివ్వాలని విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధన. అన్నీ ఒకే అంకెలో కలిపేశాక ఏది ఎంతో ఎవరికి తెలుస్తుంది? కలిపిన పులిహోరలో పోపు ఖరీదు అడిగినట్టే.

అందరూ తిట్టే రైల్వేనే నయం. విజయవాడ నుంచి ఢిల్లీకి థర్డ్ ఏసీ టికెట్లు మేమే తీసుకున్నాం. 48 గంటల కంటే ముందే రద్దు చేస్తే మనిషికి 180, పైన జీఎస్టీ పట్టుకుని మిగతాది ఖాతాలో వేశారు. ఎవరినీ బతిమాలలేదు.

అర్జీ పట్టుకుని ఓ కార్యాలయానికి వెళ్తే, ఇది మా శాఖ కాదని పక్క గదికి పంపారు. పక్క గదిలో కుర్చీ మీద తువ్వాలు ఉంది, మనిషి లేడు. టీ బండికి కూడా ఫుడ్ సేఫ్టీ రిజిస్ట్రేషన్ కావాలంటారు. లక్షలు వసూలు చేసే ట్రావెల్స్‌కు మాత్రం కేంద్ర పర్యాటక శాఖ గుర్తింపు ఇష్టమైతేనే. 1915కు ఫోన్ చేస్తే వినియోగదారుల హెల్ప్‌లైన్ వాళ్లు మర్యాదగా విని ఫిర్యాదు ట్రావెల్స్ దుకాణానికి పంపారు. దుకాణం ఉలకలేదు, పలకలేదు. ఇక జిల్లా వినియోగదారుల కమిషనే. 5 లక్షల లోపు వ్యవహారానికి ఫీజు లేదట, ఆ ముక్క మీ వ్యాసంలో రాసుంటే ఎవరికైనా పనికొచ్చేది.

రసీదు తెలుగులో ఉండాలి. విమానానికెంత, హోటల్‌కెంత, వాళ్ల కమీషన్ ఎంత, ఎన్ని రోజుల ముందు రద్దు చేస్తే ఎంత పోతుందో ముందువైపే రాయాలి. ఈపాటి ఉత్తర్వు ఇవ్వడానికి అధికారులకు కమిటీ వేయాలా?

ఆ ట్రావెల్స్ వాళ్లు పెట్టిన 'హ్యాపీ కశ్మీర్' వాట్సాప్ గ్రూపు ఇంకా ఉంది. రోజూ గులాబీ పువ్వుతో శుభోదయం వస్తుంది. రీఫండ్ అని నేను పెట్టిన మెసేజీని అడ్మిన్ తీసేశారు. మండుటెండల్లో నాలుగు మంకీ క్యాపులు కొన్నామేమో, ఆ బజారు షాపతను మాత్రం ట్యాగులు చూసి, టోపీకి పది రూపాయలు పట్టుకుని వెనక్కి తీసుకున్నాడు.

- ఒక పాఠకుడు, తెనాలి