మీట నొక్కేవాడికి పెళ్లికూతురు కనపడదు

సంపాదకుడు గారికి నమస్కారం.

పెళ్లి ఊరేగింపుల రణగొణధ్వని గురించి ఈమధ్య మీ పత్రికలో ఒక పాఠకురాలు రాసిన ఉత్తరం చదివాను. మంచం పట్టిన అత్తగారిని ఇంట్లో పెట్టుకుని అర్ధరాత్రి దాకా ఆ మోత భరించిన మనిషి కోపం అది. కాదనడానికి లేదు. కానీ చివర్లో డీజేలు, బాజాలు, సన్నాయిలు అన్నీ కట్టిపెట్టించాలి అన్నారు. అక్కడే నాకు మింగుడుపడలేదు. డీజేనీ సన్నాయినీ ఒకే గాటన కట్టిన పొరపాటు ఆవిడ ఒక్కరిదే అయితే ఈ ఉత్తరం రాసేవాణ్ణి కాదు. మా దగ్గర అనుమతులిచ్చే చోట కూడా అదే జరుగుతోంది.

ముందు నేనెవరో చెప్పుకోవాలి. ఒడిశాలోని పర్లాకిమిడిలో ఒక కల్యాణ మండపంలో కరెంటు పనీ మైకు పనీ చూస్తాను. అంటే సన్నాయి వాళ్ల పొట్ట కొట్టినవాళ్లలో నేనూ ఒకణ్ణి. మా మండపం అద్దె కాగితం మీద ‘మంగళవాద్యం ఉచితం’ అని ఉంటుంది. ఆ మంగళవాద్యం నా చొక్కా జేబులో ఉండే పెన్‌డ్రైవు. గణపతి పూజకు ఒక ముక్క, జీలకర్ర బెల్లానికి ఒకటి, తలంబ్రాలకు ఇంకొకటి. ఒడియా వాళ్ల పెళ్లి అయితే వేరే ఫోల్డరు తెరుస్తాను, అందులో మొహురి, అంటే ఒడియా వాళ్ల సన్నాయి, ఉంటుంది. రెండు భాషల మేళగాళ్లనూ ఒకే వేలితో ఇంటికి పంపేశానన్నమాట.

నా మిక్సరు బల్ల వేదిక పక్కన స్తంభం వెనకాల ఉంటుంది. అక్కణ్ణుంచి నాకు పెళ్లికూతురు కనపడదు, పెళ్లికొడుకు తలపాగా అంచు మాత్రం కనిపిస్తుంది. పురోహితుడు గారు ‘గట్టిమేళం’ అంటే మైకులో విని మీట నొక్కుతాను. పోయిన వైశాఖంలో ఒక పెళ్లిలో పెన్‌డ్రైవు మొరాయించింది. చేసేది లేక ఫోను తగిలించాను. గట్టిమేళం మొదలైంది. సరిగ్గా ఆ వేళకే మంగళసూత్రం తాడు పూలజడలో చిక్కుకుందట, నాకేం తెలుసు? రెండో ముడి పడేసరికి నా గట్టిమేళం అయిపోయింది. ఆ వెంటనే ఫోను తనకు తానే తర్వాతి పాట ఎంచుకుంది. అది అప్పగింతల పాట. ఇంకా మూడో ముడి పడలేదు, పెళ్లికూతురు తల్లి చేతిలో అక్షింతలతోనే భోరుమంది. ఆవిణ్ణి చూసి పిన్నులూ పెద్దమ్మలూ అందుకున్నారు. నేను కంగారులో ఫోను తాళం తీసేసరికి ఒక చరణం పూర్తయింది. తర్వాత అందరూ నవ్వుకున్నారు గానీ, ఆ వీడియోలో ఆ తల్లి ఏడుపు అలాగే ఉంటుంది.

మా మేనమామ ఆ పెళ్లిలో ఉండి ఉంటే అలా జరిగేది కాదు. ఆయన సన్నాయి ఊదేవారు. పురోహితుడి చేతులు కనపడే చోటే చాప వేయించుకునేవారు. ముడి ఆలస్యమైతే ఆయన మేళమూ సాగేది. మూడో ముడి బిగిశాక ఆయన కనుబొమ్మ ఎగరేస్తే డోలు ఆగేది. చంటిపిల్లవాడు జడిసి ఏడిస్తే కాస్త అటు తిరిగి ఊదేవారు. ఇవేవీ ఎవరూ ఆయనకు చెప్పక్కర్లేదు.

మా ఇళ్లల్లో క్షౌరవృత్తీ సన్నాయీ ఒకే గూట్లోవి. మామ పొద్దున్నంతా కత్తెర పట్టుకుని, మధ్యాహ్నం గిరాకీ పలచబడగానే కొట్లోనే సాధకానికి కూర్చునేవారు. సన్నాయి పీకలు పాత సబ్బుపెట్టెలో దాచేవారు. ఒకటి తీసి, నోట్లో తడిపి, సరిగ్గా పలక్కపోతే గడ్డం గీసే కత్తితోనే అంచు నాలుగు గీకులు గీకేవారు. అప్పుడు ఎదురుగా కుర్చీలో నురగ పూసుకున్న పెద్దమనిషి ఉన్నా సరే, ఆగాల్సిందే. మూఢం, శూన్యమాసం వస్తే కత్తెర, ముహూర్తాలు వస్తే సన్నాయి. ఒకటి ఇంకొకదాన్ని నిలబెట్టేది.

యంత్రాల మీద నాకు కక్ష ఉందనుకోకండి. నా కూడు అదే. పైగా మామ మేళంలో ఒకప్పుడు శ్రుతి సన్నాయి పట్టే తాత ఒకాయన ఉండేవారు. రాత్రంతా బుగ్గలు పూరించి ఒక్క స్వరం పట్టి కూర్చోవడమే ఆయన పని. 1970ల చివర్లో బెంగళూరులో కరెంటు శ్రుతిపెట్టె తయారైంది. అది మా దాకా వచ్చాక తాత ఇంట్లో కూర్చున్నారు. అప్పుడు ఎవరూ పత్రికకు ఉత్తరం రాయలేదు. ఆ పెట్టె కొన్నది మా మామే.

ఇప్పుడు మామ ఒక ఏటీఎం ముందు రాత్రి కాపలా ఉంటున్నారు. ఆ కుర్చీలో కూర్చుని ఫోనులో షేక్ చినమౌలానా గారి నాదస్వరం వింటారు. 1999లో పోయిన, ఒంగోలు దగ్గరి కరవది మనిషి, ఒడిశా సరిహద్దులో ఒక కాపలాదారుకు రాత్రి రెండింటికి తోడున్నారంటే ఆ పుణ్యం యంత్రానిదే.

ఇక అసలు సంగతి. పోయిన ఫాల్గుణంలో ఆంధ్ర వైపున్న పాతపట్నం నుంచి మగపెళ్లివారు వచ్చారు. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు మేం ఇటు, వాళ్లు అటు అయ్యామే గానీ ఆటోలో ఎంతోసేపు పట్టదు. ఎదురుసన్నాహానికి సన్నాయి, డోలు కావాలని వాళ్లు ముచ్చటపడ్డారు. సాయంత్రం నాలుగు గంటల వేళ, ఇద్దరు మనుషులు, మైకు లేదు. అయినా అనుమతి కావాలన్నారని పెళ్లికూతురు బాబాయి వెళ్లారు, తోడుగా నేనూ వెళ్లాను. డీజేకి ఇచ్చే ఫారమే మాకూ ఇచ్చారు. అందులో ‘బాక్సుల సంఖ్య’ అని ఒక గడి. బాక్సులు లేవండీ అన్నాం. ఖాళీ వదిలితే తీసుకోరట. సున్నా రాశాం. సున్నా అయితే అనుమతి దేనికని వెనక్కి ఇచ్చారు. మరి అనుమతి అక్కర్లేదా అంటే, లేకుండా ఊదితే ఆపుతామన్నారు. ఆ బాబాయి విసిగిపోయి మానేశారు. అదే రాత్రి పదకొండింటికి పక్కవీధిలో డీజే బండి దర్జాగా వెళ్లింది. దాని ఫారంలో ఏం రాశారో మరి.

2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనలు మైకు పని చేసేవాడిగా నేను చదువుకున్నాను. రాతపూర్వక అనుమతి అడిగింది లౌడ్‌స్పీకరుకు. పగటిపూట మైకు లేకుండా వాయించే సన్నాయికి అలాంటి షరతు అందులో లేదు. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా మాత్రం ఆరుబయట వాద్యాలూ వద్దన్నారు, మూసి ఉన్న హాలు లోపలే. అది న్యాయమే. సన్నాయీ డోలూ గుసగుసలేమీ కావు, నిద్రపోయేవాళ్ల కిటికీ కింద ఎవరు వాయించినా తప్పే. ఆసుపత్రి, బడి, కోర్టు చుట్టూ నూరు మీటర్లు నిశ్శబ్ద ప్రాంతం అన్నారు, అక్కడా సరే.

కానీ ఇళ్ల మధ్య పగలు 55 డెసిబెళ్లు హద్దు అని రాసి, నూరు డెసిబెళ్ల బండిని వదిలేస్తే ఎలా? 55కీ 100కీ తేడా రెట్టింపు లోపే కదా అనుకుంటారు. డెసిబెల్ లెక్కలో పది పెరిగితే శబ్దశక్తి పదింతలవుతుంది. ఆ లెక్కన 45 పెరిగితే ముప్పై వేల రెట్లకు పైమాటే. శ్రామికుల చెవులకు పెట్టిన కొలతల్లో 85 డెసిబెళ్ల దగ్గర ఎనిమిది గంటలు పని చేయవచ్చు. మూడేసి డెసిబెళ్లు పెరిగిన కొద్దీ ఆ గడువు సగానికి సగం తగ్గుతుంది. నూరు దగ్గరకు వచ్చేసరికి పదిహేను నిమిషాలే. నా దగ్గర పని నేర్చుకుని డీజే బండెక్కిన కుర్రాడొకడు ఉన్నాడు. ఇరవై రెండేళ్లు. వెనక నుంచి పిలిస్తే ఇప్పుడు రెండోసారికి గానీ తిరగడు. రాత్రిళ్లు చెవిలో కీచురాయి కూస్తోందంటాడు. ఆ అత్తగారి నిద్ర గురించి రాసినవారు ఈ కుర్రాడి చెవుల గురించీ ఒక ముక్క రాస్తే బాగుండేది.

అధికారులను నేను అడిగేది పెద్ద కోరికేమీ కాదు. మైకు లేని మేళానికి ఆ ఫారం తీసేయండి. పగలైతే అక్కర్లేదని తెలుగులోనూ ఒడియాలోనూ ఒక కాగితం అక్కడే గోడకు అంటించండి. ప్రజల డబ్బుతో కట్టిన హాళ్లలో, ప్రజల డబ్బుతో జరిగే ఉత్సవాల్లో పెన్‌డ్రైవు మానేసి మేళాన్ని పిలవండి, మొహురి వాళ్లనైనా సరే, సన్నాయి వాళ్లనైనా సరే. మా యజమానితోనూ ఆ ‘ఉచితం’ మాట కొట్టేయమని అన్నాను. అద్దె తగ్గించమంటారయ్యా అన్నారు. అదీ నిజమే కావచ్చు. జవాబు నా దగ్గర లేదు.

వచ్చే నెల మా మండపంలో ఒక పెళ్లికి మామను పిలిచారు. పదిన్నర ముహూర్తం, పగలే. పురోహితుడి చేతులు కనపడేలా వేదిక కుడివైపు చాప వేయిస్తాను. ఊరేగింపు మాత్రం వీధిలోంచే రావాలి. ఆ బాక్సుల గడిలో ఈసారి ఏం రాయాలో సంబంధిత అధికారులు మీ పత్రిక ద్వారా చెబితే ఆ ప్రకారమే రాసి ఇస్తాను.

ఇట్లు,
ఒక మైకు ఆపరేటరు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా