ఆదివారం క్లాసులు ఆపేయకండి

సంపాదకులకు నమస్కారం.

బెంగళూరు పీణ్యలో ఒక గార్మెంట్స్ ఫ్యాక్టరీలో పనిచేస్తున్నాను. పుట్టిల్లు, మెట్టినిల్లు రెండూ హిందూపురం పక్క పల్లెలే. మేముండే చోటికి దగ్గర్లో ఒక డిగ్రీ కాలేజీ ఉంది. అందులోనే ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం, అందరూ ఇగ్నో అంటారు, స్టడీ సెంటర్ నడుస్తోంది. నేను బి.ఏ. పూర్తిచేసింది అక్కడి నుంచే. వచ్చే విద్యా సంవత్సరం నుంచి ఈ సెంటర్ మాకొద్దని కాలేజీ యాజమాన్యం అనుకుంటోందని ఈమధ్య తెలిసింది. ఆదివారం క్లాసులు ఇప్పటికే బాగా తగ్గించేశారు. కాలేజీ పేరు రాయడం నాకిష్టం లేదు, నాకు చదువు పెట్టిన చోటు అది. కానీ నాతో చదివినవాళ్ళను అడిగితే వేరే సెంటర్లలోనూ ఇదే మాట వినిపిస్తోందన్నారు. అందుకే ఈ ఉత్తరం.

దూరవిద్య అనగానే పోస్టులో పుస్తకాలు రావడం, పరీక్ష రాయడం, అంతే కదా అనుకునేవాళ్ళు చాలామంది. 1985లో పార్లమెంటు చట్టంతో ఇగ్నో పెట్టినప్పుడే ఊరూరా ఉన్న కాలేజీలతో ఒక ఏర్పాటు చేసుకున్నారు. పాఠాలు, ప్రశ్నపత్రాలు, డిగ్రీ పట్టా అన్నీ యూనివర్సిటీవి. గదులు, పాఠం చెప్పే లెక్చరర్లు స్థానిక కాలేజీ వాళ్ళు. సెలవు రోజున ఆ గదులు ఎలాగూ ఖాళీగా ఉంటాయి కాబట్టి శని, ఆదివారాల్లో మాకు క్లాసులు. లెక్చరర్లకు క్లాసుకింత అని యూనివర్సిటీ గౌరవ వేతనం ఇస్తుంది. అసైన్‌మెంట్లు కూడా అక్కడే ఇస్తాం, అక్కడే దిద్దుతారు. అసలు మన దేశంలో తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాద్‌లో వచ్చింది, ఇప్పటి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. అదీ డిగ్రీ కాలేజీల్లో స్టడీ సెంటర్లు పెట్టే పనిచేసింది. తెలుగు మీడియంలో బి.ఏ. చదువుకునే వీలు ఎంతమందికి కల్పించిందో మా ఊళ్ళ వైపు ఎవర్నడిగినా చెబుతారు. అయితే అది రాష్ట్ర విశ్వవిద్యాలయం. సరిహద్దు దాటి బెంగళూరులో సెంటర్ పెట్టడానికి లేదు. ఇక్కడున్న మాలాంటి వాళ్ళకు ఇగ్నోయే దిక్కయింది.

నేను ఇంటర్ దాకా తెలుగు మీడియం. ఇగ్నోలో చేరేటప్పుడు బి.ఏ.కి ఇంగ్లీషు, హిందీ మాధ్యమాలే ఉన్నాయి. చరిత్ర, సమాజశాస్త్రం తీసుకున్నాను. చేరింది 2021లో, కరోనా ఇంకా పూర్తిగా పోలేదు. మొదటి ఏడాది క్లాసులన్నీ ఫోన్‌లోనే. ఫ్యాక్టరీలో ఫోన్ లోపలికి తీసుకెళ్ళనివ్వరు. ఇంటికొచ్చి, వంట చేసి, పిల్లల్ని పడుకోబెట్టాక ఫోన్ తెరిస్తే కళ్ళు మూతలు పడేవి. అర్థంకాని చోట ఆపి అడగడానికి ఎవరూ లేరు. పుస్తకాలు మంచివే, ఇగ్నో పుస్తకాలను సివిల్స్ వాళ్ళు కూడా వెతుక్కుని చదువుతారు. కానీ 6 క్రెడిట్ల పేపరుకు 180 గంటల చదువని లెక్క. అదంతా రోజంతా మిషన్ల మధ్య నిలబడి వచ్చిన మనిషి ఒంటరిగా ఇంగ్లీషులో చదవాలంటే టెన్షన్ మామూలుగా ఉండదు. నాతో పాటు మా ఫ్యాక్టరీ నుంచి చేరిన ఇద్దరు ఆ ఏడే మానేశారు. ఇద్దరికీ తెలివికి తక్కువ లేదు.

తర్వాతి ఏడాది కాలేజీ గదుల్లో క్లాసులు మొదలయ్యాయి. నా చదువు గాడిలో పడింది అప్పటి నుంచే. మా చరిత్ర మేడమ్ అదే కాలేజీలో వారమంతా రెగ్యులర్ పిల్లలకు చెప్పి, ఆదివారం మాకోసం వచ్చేవారు. ఇంగ్లీషులో ఒక ముక్క, కన్నడలో నాలుగు ముక్కలు చెప్పేవారు. హిందూపురం వాళ్ళకు కన్నడం కొత్త కాదు, నాకు హాయిగా అర్థమయ్యేది. కర్నూలు, విజయవాడ వైపు వాళ్ళు ఇద్దరు ముగ్గురు ఉండేవాళ్ళు. టీ తాగే టైములో వాళ్ళకు నేను తెలుగులో చెప్పేదాన్ని. చెబుతుంటే నాకే ఇంకా బాగా పట్టుబడేది. మా క్లాసులో ఒక ఆటో డ్రైవరన్న, ఒక హోంగార్డు, మారతహళ్ళి నుంచి బస్సులు మారి వచ్చే ఒక గృహిణి, ఫుడ్ డెలివరీ చేసే ఇద్దరు కుర్రాళ్ళు ఉండేవాళ్ళు. తెలుగు అకాడమీ వాళ్ళ డిగ్రీ చరిత్ర పుస్తకాలు ఊరి నుంచి తెప్పించుకుని, ముందు తెలుగులో చదివి తర్వాత ఇగ్నో పుస్తకం తెరవడం ఆ హోంగార్డు తమ్ముడు చెప్పిన పద్ధతి. ఆ తర్వాత అందరం అదే చేశాం.

ఒక క్లాసు గురించి వివరంగా చెప్పాలి. విజయనగర కాలం నాయంకర పద్ధతి పాఠం. మేడమ్ బోర్డు మీద రాజు, నాయకుడు, రైతు అని మూడు గళ్ళు గీసి, ఎవరు ఎవరికి ఏమిచ్చేవారో బాణాలు వేశారు. రాజు భూమి ఇస్తాడు, నాయకుడు సైన్యాన్ని పోషించి రాజుకు కట్టాల్సింది కడతాడు, ఆ బరువంతా చివరికి రైతు మీద పడుతుంది. పోర్చుగీసు వాడు నూనిజ్ అచ్యుతరాయల కాలంలో వచ్చి దీని గురించి ఏం రాశాడో చెప్పి, "పెనుకొండ, లేపాక్షి చూసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?" అనడిగారు. చెయ్యెత్తాను. లేపాక్షి మాకు పక్కూరే. చిన్నప్పటి నుంచి తిరునాళ్ళకు వెళ్ళిన గుడి, వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి ఆడుకున్న గుడి. దాన్ని కట్టించిన విరూపణ్ణ, వీరణ్ణ పెనుకొండలో విజయనగర ప్రభువుల కొలువులో ఉన్నవాళ్ళని విన్నాను గానీ, ఈ పాఠంలోని అధికారులు అలాంటివాళ్ళేనని అప్పటిదాకా తట్టలేదు. గుడి గోడల మీద శాసనాలున్నాయని, గుడికి భూములు, ఊళ్ళు రాసిచ్చిన సంగతి వాటిలో ఉందని మా నాన్న చెప్పింది క్లాసులో లేచి చెప్పాను. మేడమ్ నన్ను బోర్డు దగ్గరికి పిలిచి నాయకుడి గడి నుంచి గుడికి ఇంకో బాణం నాచేతనే వేయించారు. తర్వాత అసైన్‌మెంట్‌లో ఆ సంగతి రాశాను. తిరిగి వచ్చిన కాగితం అంచున పెన్సిల్‌తో రాసి ఉంది: శాసనంలో ఏ ఊరు, ఎవరిచ్చారు, ఏ సంవత్సరం అన్నది కూడా వెతికి రాయమని. ఆ సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు పిల్లల్ని తీసుకెళ్ళి ఆ గోడల ముందు నిలబడ్డాను.

ఇలాంటిది ఫోన్ తెర మీద జరగదు. ఆన్‌లైన్ క్లాసులు వద్దని అనడం లేదు, ఇగ్నో వాళ్ళ ఈజ్ఞానకోశ్ వెబ్‌సైట్‌లో పాఠాలు ఉచితంగా దొరకడం పెద్ద మేలు. కానీ అసైన్‌మెంట్లకు 30 శాతం, పరీక్షకు 70 శాతం వెయిటేజీ ఉన్న చదువు ఇది. ఆ 30 శాతం దిద్దే మనిషి మన ముఖం చూసి, మన రాత చూసి, ఇక్కడ ఇలా రాయమ్మా అని చెప్పగలిగితే మిగతా 70 కూడా గట్టెక్కుతుంది.

కాలేజీ వాళ్ళ వైపు కారణం నాకు తెలుసు. బి.ఏ. క్లాసులకు హాజరు తప్పనిసరి కాదు. కొన్ని ఆదివారాలు గదిలో నలుగురం ఉండేవాళ్ళం. నలుగురి కోసం గేటు తీసి, వాచ్‌మన్‌ను పెట్టి, కరెంటు వాడి, లెక్చరర్‌ను రప్పించడం దండగ అని యాజమాన్యానికి అనిపిస్తుంది. అయితే విద్యార్థులు ఎందుకు రారో కూడా చూడాలి. క్లాసుల షెడ్యూల్ గోడకు అంటించి ఊరుకుంటారు. దాన్ని చూడాలంటే మళ్ళీ ఆదివారం అక్కడికే వెళ్ళాలి. క్లాసు రద్దయితే ముందు చెప్పరు. మారతహళ్ళి అక్క ఒకసారి ఎండలో వచ్చి తాళం చూసి వెనక్కి వెళ్ళింది. ఆ తర్వాత ఆవిడ రావడం తగ్గిపోయింది. మెసేజ్ పెట్టి ఉంటే సరిపోయేది. జనం రావడం లేదని క్లాసులు తగ్గిస్తారు, క్లాసులు లేవని జనం రారు.

స్టడీ సెంటర్ మూతపడితే ఆ ఖాళీలోకి ఎవరొస్తారో కూడా చెప్పాలి. మా లైన్‌లో పనిచేసే మదనపల్లె అమ్మాయి ఒక ఇన్‌స్టిట్యూట్‌లో 30 వేలు కట్టింది. ఏడాదిలో డిగ్రీ, పరీక్ష సంగతి మేమే చూసుకుంటామని చెప్పారట. రెగ్యులర్‌గా మూడేళ్ళు పట్టే డిగ్రీని దూరవిద్యలో ఏడాదిలో ఇవ్వడం యూజీసీ, అంటే యూనివర్సిటీలను నియంత్రించే కేంద్ర సంస్థ, నిబంధనలకు విరుద్ధం. ఆ ఆఫీసు ఇప్పుడు లేదు, డబ్బూ లేదు. ఆ పిల్ల ఏడ్చిన ఏడుపు నేను చూశాను. పేరున్న యూనివర్సిటీ అయినా ఎవరి ద్వారా, ఎక్కడ నడుపుతోందన్నది చూసుకోవాల్సిందే. కర్ణాటక రాష్ట్ర సార్వత్రిక విశ్వవిద్యాలయం ప్రైవేటు సంస్థలతో కలిసి, రాష్ట్రం బయట కూడా కోర్సులు నడిపిన వ్యవహారంలో, 2012-13 తర్వాత దానికి గుర్తింపు లేదని 2015లో యూజీసీ ప్రకటించింది. 2018లో గుర్తింపు తిరిగి వచ్చేదాకా పిల్లలు పట్టాలు పట్టుకుని ఎన్ని ఆఫీసులు తిరిగారో బెంగళూరులో అందరికీ గుర్తే. ఇప్పటి నిబంధనల్లో ఫ్రాంచైజీ పద్ధతికి చోటే లేదు. 2024 నుంచి దూరవిద్యలో చేరే ప్రతి విద్యార్థీ యూజీసీ దూరవిద్యా విభాగం పోర్టల్‌లో డెబ్ ఐడీ అనే గుర్తింపు సంఖ్య తీసుకోవాలి. అది తీసుకునేటప్పుడే మీ యూనివర్సిటీ, మీ కోర్సు గుర్తింపు జాబితాలో ఉన్నాయో లేవో చూసుకోండి. ఫీజు యూనివర్సిటీ ఖాతాకే కట్టండి, మధ్యలో ఎవరి చేతికీ ఇవ్వకండి.

బి.ఏ. ఎందుకమ్మా, బి.కామ్ అయితే ఉద్యోగం వస్తుంది కదా అని మా వాళ్ళే అన్నారు. గుర్తింపు ఉన్న దూరవిద్య డిగ్రీ రెగ్యులర్ డిగ్రీతో సమానమని 2020 యూజీసీ నిబంధనల్లోనే ఉంది. గ్రూప్స్‌కు, బ్యాంకు ఆఫీసర్ పరీక్షలకు ఏదైనా డిగ్రీ చాలు. నా మటుకు నాకు మాత్రం సమాజశాస్త్రం చదివాకే మా ఫ్యాక్టరీ కొత్తగా కనబడింది. ఏ ఊరి వాళ్ళు ఏ లైన్‌లో కూర్చుంటారు, సూపర్‌వైజర్లు ఎక్కువగా మగవాళ్ళే ఎందుకు, జ్వరంతో వచ్చిన హెల్పర్ సెలవడగడానికి ఎందుకు భయపడుతుంది, ఇవన్నీ రోజూ చూస్తున్నవే. వాటి గురించి ఒకరు ఆలోచించి పుస్తకాలు రాశారని తెలిశాక నోరు విప్పడానికి ధైర్యం వచ్చింది. ఇప్పుడు మా ఫ్యాక్టరీ కార్మికుల కమిటీలో ఉన్నాను. మీటింగ్ మినిట్స్ నేనే రాస్తాను.

కాలేజీ యాజమాన్యాలను నేను అడిగేది చిన్నదే. సెంటర్ వదులుకోకండి. క్లాసులు తగ్గించాల్సి వస్తే తగ్గించండి, కానీ ఉన్న క్లాసు తేదీ ముందే ఫోన్లకు పంపండి, పంపిన తేదీన తప్పకుండా జరపండి. వయ్యాలికావల్‌లోని తెలుగు విజ్ఞాన సమితి లాంటి సంఘాలను కూడా ఒకటి కోరుతున్నాను. బెంగళూరులో పిల్లల దగ్గర ఉంటున్న రిటైర్డ్ తెలుగు లెక్చరర్లు ఎంతోమంది ఉన్నారు. ఆదివారం క్లాసు అయ్యాక ఒక గంట మాకు తెలుగులో వివరించడానికి వాళ్ళలో కొందరిని కలపగలిగితే, మొదటి ఏడే మానేసే తెలుగు మీడియం పిల్లలు చాలామంది నిలబడతారు. ఫ్యాక్టరీల వాళ్ళు జూన్, డిసెంబరు పరీక్షల రోజుల్లో జీతం కోత లేకుండా సెలవిస్తే అది వేరే మేలు.

మేం పూర్వ విద్యార్థులం మా కాలేజీ ప్రిన్సిపాల్ గారికి వినతిపత్రం రాసుకున్నాం. వాచ్‌మన్ ఖర్చే ఇబ్బందయితే ఆదివారాలు వంతులు వేసుకుని మేమే వచ్చి గది తీస్తాం, క్లాసు అయ్యాక ఊడ్చి తాళం వేసి తాళాలు అప్పగిస్తాం. మెసేజ్‌లు పంపే పని నేను చూసుకుంటాను. ఈ నెలాఖరులోపు ఆయన్ను కలవబోతున్నాం. పీణ్య, దాసరహళ్ళి, యశ్వంతపుర వైపు ఉండి అక్కడ చదివిన తెలుగువాళ్ళు ఇది చూస్తే మాతో రండి. ఎంతమంది వస్తే అంత మంచిది.

ఇట్లు,
ఒక గార్మెంట్స్ కార్మికురాలు,
పీణ్య, బెంగళూరు